పాత కంప్యూటర్‌కు ఏ ఎస్‌ఎస్‌డి వేయించాలి? సాటా, ఎం.2, ఎన్‌వీఎంఈల పోలిక

ల్యాప్‌టాప్ ఆన్ చేశాక డెస్క్‌టాప్ కనిపించడానికి రెండు నిమిషాలు, ఆ తరవాత బ్రౌజర్ తెరుచుకోవడానికి మరో నిమిషం పడుతూ ఉంటే చాలామంది ముందు ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. అలాంటి యంత్రంలో టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ గడిలో పది పదిహేను శాతానికి మించి పని ఉండదు. డిస్క్ గడిలో మాత్రం 100 శాతం అన్న అంకె ముదురు రంగులో నిమిషాల తరబడి కదలకుండా నిలిచి ఉంటుంది. ఆ సమయంలో డిస్క్ నిజంగా చదువుతున్నది ఎంత అని చూస్తే సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లే. ఇంత తక్కువ చదువుతూ కూడా దానికి తీరిక దొరకకపోవడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది.

ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే తల కిందకు రావడానికి సగటున అరచుట్టు తిరగాలి, అంతకుముందే చదివే తల ఆ వరుస దగ్గరకు జరగాలి. రెండూ కలిపితే ఒక్కో చిన్న ఫైలుకు పదిహేను మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ఫైళ్లను చదవాలి కాబట్టి ఆ మిల్లీసెకన్లన్నీ కలిసి నిమిషాలవుతాయి. హార్డ్‌డిస్క్‌కు బదులుగా సమాచారాన్ని చిప్‌లలో దాచే ఎస్‌ఎస్‌డిలో తిరిగే పళ్లెమూ లేదు, జరిగే తలా లేదు. ఎక్కడున్న సమాచారమైనా మిల్లీసెకనులో పదో వంతు లోపే అందుతుంది. పాత కంప్యూటర్‌కు ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే మార్పు మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఎస్‌ఎస్‌డి వేయించాలని నిర్ణయించుకున్నాకే అసలు తికమక మొదలవుతుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఏ దుకాణంలో అడిగినా కౌంటర్ మీద కనీసం మూడు ఆకారాల డ్రైవ్‌లు పెడతారు. ఒకదాని పెట్టె మీద సెకనుకు 550 మెగాబైట్లని, మరోదాని మీద 3500 అని, ఇంకోదాని మీద 7000 అని అచ్చు వేసి ఉంటుంది, ధరల్లో తేడా మాత్రం అంత ఉండదు. సహజంగానే చెయ్యి పెద్ద అంకె వైపు వెళుతుంది. కానీ ఆ అంకెను బట్టి ఎంచుకోకూడదు. మీ యంత్రంలో ఏ స్లాట్ ఉంది, మీరు రోజూ చేసే పని ఏమిటి, లోపలి చిప్‌ల రకం ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే ఎంపిక దాదాపు తనంతట తానే తేలిపోతుంది.

ముందుగా స్లాట్ సంగతి

డ్రైవ్ కొనేముందు యంత్రం వెనక మూత తెరిచి చూడడం, లేదా కనీసం తయారీదారు ఇచ్చిన సర్వీస్ మాన్యువల్ చదవడం తప్పనిసరి. ఒకే మోడల్ పేరుతో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కూడా కొన్నింటికి ఎం.2 స్లాట్ ఉంటుంది, కొన్నింటికి బోర్డు మీద చోటు ఉన్నా స్లాట్ బిగించి ఉండదు.

ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే, వేగం పేరు కాదు. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల కొన్న డ్రైవ్‌ను తిరిగి ఇవ్వడానికి వెళ్లేవాళ్లు చాలామంది. చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉండే ఆ ముక్క లోపల హార్డ్‌డిస్క్‌లు వాడే పాత సాటా పద్ధతిలో మాట్లాడవచ్చు, లేదా పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే వేగవంతమైన దారిలో నడిచే ఎన్‌వీఎంఈ పద్ధతిలో మాట్లాడవచ్చు. స్లాట్ రెండింటినీ అంగీకరించేది కావచ్చు, ఒకదాన్నే అంగీకరించేది కావచ్చు. బంగారు రంగు పళ్లున్న అంచును దగ్గరగా చూస్తే, ఒకే గాటు ఉన్నది ఎం కీ, అది ఎక్కువగా ఎన్‌వీఎంఈ. రెండు గాట్లు ఉంటే బి ప్లస్ ఎం కీ, అది ఎక్కువగా సాటా. అయితే రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి గాట్లను సూచనగా తీసుకుని, చివరి మాట లేబుల్ మీద ఉన్నదానికే వదిలిపెట్టాలి.

పొడవు కూడా చూసుకోవాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. మార్కెట్‌లో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఇవే. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో 2242, 2230 కొలతలవి మాత్రమే పడతాయి. ఇంకో చిన్న సంగతి: ఎం.2 డ్రైవ్‌ను ఏటవాలుగా స్లాట్‌లో దూర్చి వదిలితే రెండో చివర పైకి లేచి నిలబడుతుంది, దాన్ని కిందకు నొక్కి చిన్న స్క్రూతో బిగించాలి. చాలా డ్రైవ్‌ల పెట్టెల్లో ఆ స్క్రూ రాదు. బోర్డు మీద అది ముందే ఉందో లేదో మూత తెరిచినప్పుడే చూసుకుంటే, ఆదివారం పూట ఆ ఒక్క స్క్రూ కోసం పని ఆగిపోదు.

చివరిగా బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రామ్. స్లాట్ ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ డ్రైవ్ నుంచి విండోస్ మొదలవుతుందని అనుకోకూడదు. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్ల కాలం నుంచి వచ్చిన బోర్డులలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. అంతకుముందువాటిలో చాలా బయోస్‌లకు ఎన్‌వీఎంఈని బూట్ డ్రైవ్‌గా గుర్తించడం తెలియదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అడాప్టర్ కార్డు మీద ఎన్‌వీఎంఈ బిగించి పాత డెస్క్‌టాప్‌ను పరుగులు పెట్టించవచ్చని ఎవరైనా చెబితే, ఆ బోర్డు దాని నుంచి బూట్ అవుతుందా అని ముందు అడగండి.

వేగాన్ని ఎలా చదవాలి

పెట్టె మీద రాసే వేగం పెద్ద ఫైలును మొదటి నుంచి చివరి వరకు ఏకబిగిన చదివినప్పటిది. సినిమా ఫైలును ఒక చోటు నుంచి మరో చోటుకు కాపీ చేసినప్పుడు అది అనుభవంలోకి వస్తుంది. కంప్యూటర్ ఆన్ కావడం, వర్డ్ తెరుచుకోవడం, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు నిండడం మాత్రం నాలుగు కిలోబైట్ల చిన్న ముక్కలను ఒకదాని తరవాత ఒకటిగా చదవడం మీద ఆధారపడతాయి. ఈ రెండు కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఎన్‌వీఎంఈ పక్కన రాసిన తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ తరం, లేన్లంటే ఆ దారిలోని వరుసలు. కింది అంకెలు సుమారుగా చెప్పినవి. మోడల్‌ను బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి.

| రకం | పెద్ద ఫైలు చదివే వేగం, సెకనుకు | చిన్న ముక్కలు ఒక్కొక్కటిగా చదివే వేగం, సెకనుకు | ఎక్కడ పడుతుంది |
|---|---|---|---|
| 5400 చుట్ల హార్డ్‌డిస్క్ | 100 మెగాబైట్లు | 1 మెగాబైటు లోపు | 2.5 అంగుళాల అర |
| 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డి | 550 మెగాబైట్లు | 30 నుంచి 40 మెగాబైట్లు | అదే అర, అదే కనెక్టర్ |
| ఎం.2 సాటా ఎస్‌ఎస్‌డి | 550 మెగాబైట్లు | 30 నుంచి 40 మెగాబైట్లు | సాటాను అంగీకరించే ఎం.2 స్లాట్ |
| ఎన్‌వీఎంఈ, మూడో తరం | 3500 మెగాబైట్ల వరకు | 50 నుంచి 70 మెగాబైట్లు | నాలుగు లేన్ల ఎం.2 స్లాట్ |
| ఎన్‌వీఎంఈ, నాలుగో తరం | 7000 మెగాబైట్ల వరకు | 60 నుంచి 90 మెగాబైట్లు | నాలుగో తరం స్లాట్, ప్రాసెసర్ |

ఎడమ వైపు అంకెల్లో సాటాకూ నాలుగో తరం ఎన్‌వీఎంఈకీ పన్నెండు రెట్లకు పైగా తేడా కనిపిస్తుంది. కుడి వైపున అది రెండు రెట్ల చుట్టూ ఆగిపోతుంది. అదే కుడి వరుసలో హార్డ్‌డిస్క్ నుంచి మామూలు సాటా ఎస్‌ఎస్‌డికి వెళ్లినప్పుడు వచ్చే తేడా ముప్పై రెట్లకు తగ్గదు. మనిషికి తెలిసే మార్పులో ఎక్కువ భాగం ఆ మొదటి అడుగులోనే వచ్చేస్తుంది. సాటా డ్రైవ్‌తో విండోస్ మొదలవడానికీ ఎన్‌వీఎంఈతో మొదలవడానికీ మధ్య తేడా కొన్ని సెకన్లు మాత్రమే. మీ ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ లేదని బాధపడనక్కరలేదు, ఆ కారణంతో యంత్రాన్ని మార్చే పని అంతకన్నా లేదు.

2.5 అంగుళాల సాటా

పదేళ్ల చుట్టుపక్కల వయసున్న ల్యాప్‌టాప్‌కు, డెస్క్‌టాప్‌కు నేను మొదట సూచించేది ఇదే. ల్యాప్‌టాప్‌లో ఉన్న హార్డ్‌డిస్క్‌ను బయటికి తీసి, దాని చుట్టూ ఉన్న లోహపు చట్రాన్ని విప్పి ఎస్‌ఎస్‌డికి బిగించి, అదే కనెక్టర్‌కు తగిలిస్తే పని పూర్తవుతుంది. ఎస్‌ఎస్‌డి మందం 7 మిల్లీమీటర్లు. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే అరలో కొంచెం వదులుగా ఉంటుంది, చట్రం బిగిస్తే చాలావరకు సరిపోతుంది. డెస్క్‌టాప్‌లోనైతే ఒక సాటా డేటా కేబుల్, పవర్ సప్లై నుంచి ఒక సాటా పవర్ కనెక్టర్ ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. క్యాబినెట్‌లో 2.5 అంగుళాల అర లేకపోతే 3.5 అంగుళాల బ్రాకెట్ చవకగా దొరుకుతుంది.

యంత్రం మరీ పాతదై, సాటా రెండో తరానిదైతే వేగం 270 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. అలాంటి యంత్రానికి కూడా ఇది వేయించడం దండగ కాదు, ఎందుకంటే పైన చెప్పిన చిన్న ముక్కల వేగం ఆ పరిమితికి చాలా దిగువనే ఉంటుంది. అయితే బయోస్‌లో సాటా మోడ్ పాత పద్ధతైన ఐడీఈలో కాక కొత్త పద్ధతైన ఏహెచ్‌సీఐలో ఉండాలి. ఉన్న విండోస్‌ను అలాగే ఉంచి ఈ మోడ్‌ను నేరుగా మారిస్తే అది బూట్ కాకపోవచ్చు కాబట్టి, కొత్తగా విండోస్ వేసేటప్పుడే మార్చుకోవడం మంచిది.

ఈ రకంలో ఉన్న లోపం ఒక్కటే: భవిష్యత్తు. మరో రెండు మూడేళ్లలో కొత్త ల్యాప్‌టాప్ కొంటే దానిలో 2.5 అంగుళాల అర ఉండకపోవచ్చు. అప్పుడు ఈ డ్రైవ్‌ను యూఎస్‌బీ 3.0 ఎన్‌క్లోజర్‌లో పెట్టి బయటి డ్రైవ్‌గా వాడుకోవచ్చు. సెకనుకు 400 మెగాబైట్లకు పైగా వేగం వస్తుంది, కాబట్టి డబ్బు వృథా పోదు.

ఎం.2 సాటా

దీన్ని కోరి ఎంచుకోవలసిన అవసరం లేదు. మీ యంత్రంలోని ఎం.2 స్లాట్ సాటాను మాత్రమే అంగీకరించేదైతే, 2.5 అంగుళాల అరలో ఉన్న హార్డ్‌డిస్క్‌ను కదపకుండా విండోస్‌ను మాత్రం వేగంగా నడపాలనుకుంటే, అప్పుడు ఇది సరైనది. ఈ రకం డ్రైవ్‌లు దుకాణాల్లో తగ్గిపోతున్నాయి, ఎన్‌వీఎంఈ కన్నా ధర ఎక్కువగా ఉండడం కూడా కనిపిస్తుంది. ఇంకా ముందు కాలపు ఎంసాటా స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్‌లకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

ఎన్‌వీఎంఈ

స్లాట్ ఎన్‌వీఎంఈని అంగీకరించి, బయోస్ దాని నుంచి బూట్ కాగలిగితే మరో ఆలోచన లేకుండా దీన్నే తీసుకోవాలి. కేబుల్ లేదు, అర అక్కరలేదు, ధర కూడా చాలాసార్లు సాటాతో సమానంగానే ఉంటుంది. ఆగి ఆలోచించవలసింది మూడో తరమా, నాలుగో తరమా అన్నచోట. మూడో తరం స్లాట్‌లో నాలుగో తరం డ్రైవ్ పెడితే పనిచేస్తుంది, కానీ మూడో తరం వేగంతోనే. రెండింటి ధర ఒకటే అయినప్పుడు కొత్త తరాన్ని తీసుకోవడంలో తప్పు లేదు. తేడా కోసం ఎక్కువ చెల్లించవలసి వస్తే, ఆ డబ్బును ఎక్కువ సామర్థ్యానికో, అదనపు ర్యామ్‌కో పెట్టడం మేలు. ఐదో తరం డ్రైవ్‌లు సెకనుకు 14,000 మెగాబైట్ల వరకు వెళతాయి, పాత యంత్రానికి వాటితో పని లేదు.

వేడి విషయం మనవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో వేసవి మధ్యాహ్నం బయట 45 డిగ్రీలు దాటుతున్నప్పుడు, ఏసీ లేని గదిలో సన్నటి ల్యాప్‌టాప్ లోపల ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెద్ద ఫైళ్లు రాస్తూ ఉంటే దాని కంట్రోలర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. సమాచారానికి ప్రమాదం లేదు గానీ, ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వేగం ఆ సమయంలో చేతికి అందదు. డెస్క్‌టాప్‌లోనైతే సన్నని అల్యూమినియం హీట్‌సింక్ వేస్తే సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లో అంత చోటు ఉండదు కాబట్టి తక్కువ విద్యుత్తు వాడే మూడో తరం డ్రైవ్‌ను ఎంచుకోవడం తెలివైన పని.

పాత హార్డ్‌డిస్క్‌ను కూడా ఉంచుకోవడం

ఒక టెరాబైటు హార్డ్‌డిస్క్ నిండా పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు ఉన్నవాళ్లకు అంతే సామర్థ్యమున్న ఎస్‌ఎస్‌డి కొనడం భారమనిపించవచ్చు. వాళ్లు 250 లేదా 500 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డిలో విండోస్, సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని, ఫొటోలను పాత డిస్క్‌లోనే ఉంచుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో ఇది చాలా సులువు. ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ ఉంటే రెండూ లోపలే ఉంటాయి. లేకపోతే డీవీడీ డ్రైవ్‌ను తీసేసి, ఆ చోటులో కేడీ అనే చట్రంలో హార్డ్‌డిస్క్‌ను అమర్చుకునే వీలుంది. కేడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి, మీ డీవీడీ డ్రైవ్ మందాన్ని కొలిచాకే కొనాలి. ఎస్‌ఎస్‌డిని ఎప్పుడూ అసలు అరలోనే పెట్టి, హార్డ్‌డిస్క్‌ను కేడీలోకి మార్చండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డీవీడీ వైపు సాటా దారి నెమ్మదిగా ఉంటుంది, మరికొన్ని ఆ వైపు నుంచి బూట్ కావు.

ల్యాప్‌టాప్‌ను బస్సుల్లో, బైకుల మీద తిప్పేవారికి మాత్రం కేడీ పద్ధతిని సూచించను. తిరిగే డిస్క్ లోపల ఉన్నంతకాలం కుదుపుల భయం, అదనపు బరువు, బ్యాటరీ ఖర్చు అలాగే ఉంటాయి. వాళ్లు పాత డిస్క్‌ను ఎన్‌క్లోజర్‌లో పెట్టి ఇంట్లోనే ఉంచుకోవడం నయం.

లోపలి చిప్‌లు, మన్నిక, వారంటీ

బయటికి ఒకేలా కనిపించే రెండు డ్రైవ్‌ల ధరల్లో తేడా ఎందుకుంటుందో తెలియాలంటే రెండు విషయాలు చూడాలి. మొదటిది, ఒక్కో కణంలో ఎన్ని బిట్లు దాస్తున్నారన్నది. టీఎల్‌సీలో మూడు, క్యూఎల్‌సీలో నాలుగు. బిట్లు పెరిగే కొద్దీ డ్రైవ్ చవకవుతుంది, రాసే వేగం, మన్నిక తగ్గుతాయి. ఈ లోటు కనిపించకుండా ప్రతి డ్రైవ్ కొంత భాగాన్ని వేగవంతమైన తాత్కాలిక నిల్వగా వాడుకుంటుంది. ఆ నిల్వ నిండేవరకు అన్నీ బాగానే ఉంటాయి. ఉదాహరణకు శాంసంగ్ 870 క్యూవీవో ఒక టెరాబైటు డ్రైవ్‌లో సుమారు 42 గిగాబైట్లు ఏకబిగిన రాశాక వేగం సెకనుకు 80 మెగాబైట్లకు పడిపోతుందని ఆ సంస్థ వివరాల్లోనే ఉంది. అది మామూలు హార్డ్‌డిస్క్ వేగం. రోజూ పత్రాలు రాసుకునేవారికి ఆ పరిస్థితి ఎన్నడూ ఎదురుకాదు. పెళ్లి వీడియోలు కార్డు నుంచి కాపీ చేసే స్టూడియోవారికి ప్రతి ముహూర్తానికీ ఎదురవుతుంది.

రెండోది డీర్యామ్. ఏ సమాచారం ఎక్కడుందో చెప్పే పట్టికను ఉంచుకోవడానికి మంచి డ్రైవ్‌లలో ప్రత్యేకంగా ఒక చిప్ ఉంటుంది. అది లేని ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు కంప్యూటర్ ర్యామ్‌లో చిన్న భాగాన్ని అరువు తెచ్చుకుంటాయి కాబట్టి పెద్దగా నష్టపోవు. సాటా డ్రైవ్‌లకు ఆ వెసులుబాటు లేదు. అందుకే సాటాలో డీర్యామ్ ఉన్నదాన్ని, ఎన్‌వీఎంఈలో లేకపోయినా టీఎల్‌సీ ఉన్నదాన్ని ఎంచుకోమని నా సలహా.

ఎస్‌ఎస్‌డి త్వరగా అరిగిపోతుందన్న భయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. లెక్క వేసి చూద్దాం. శాంసంగ్ 870 ఈవో 500 గిగాబైట్ల డ్రైవ్‌కు 300 టెరాబైట్ల రాత వరకు, లేదా ఐదేళ్ల వరకు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంది. క్రూషియల్ ఎంఎక్స్500లో అదే సామర్థ్యానికి 180 టెరాబైట్లు, ఐదేళ్లు. చవక రకమైన క్రూషియల్ బీఎక్స్500లో 480 గిగాబైట్లకు 120 టెరాబైట్లు, మూడేళ్లు. రోజుకు 20 గిగాబైట్లు రాసినా, అది ఇంటి వాడకానికి ఎక్కువే, ఏడాదికి ఏడు టెరాబైట్ల పైచిలుకు అవుతుంది. మూడింటిలో తక్కువదైన 120 టెరాబైట్లకు చేరడానికి కూడా పదహారేళ్లు పడుతుంది. అంతకన్నా ముందే కంప్యూటర్ పాతబడిపోతుంది. వారంటీ కాలం మూడేళ్లా ఐదేళ్లా అన్నదే ఎక్కువ పనికొచ్చే అంకె. క్రూషియల్ పేరుతో వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది. వారంటీ సేవలు కొనసాగుతాయని అప్పుడే చెప్పింది కాబట్టి దుకాణాల్లో మిగిలిన సరుకు కొనడానికి భయపడనక్కరలేదు, బిల్లు మాత్రం భద్రంగా దాచుకోవాలి.

నిజంగా భయపడవలసింది అరుగుదలకు కాదు, చెప్పకుండా పోవడానికి. హార్డ్‌డిస్క్ చెడిపోయే ముందు చాలాసార్లు టకటకమని శబ్దం చేస్తుంది, నెమ్మదిస్తుంది, కొంత వ్యవధి ఇస్తుంది. ఎస్‌ఎస్‌డి నిన్న పనిచేసి ఈరోజు బయోస్‌లోనే కనిపించకుండా పోవచ్చు. పైగా చెరిపేసిన ఫైళ్ల చోటును విండోస్ ట్రిమ్ ఆదేశంతో ఖాళీ చేయిస్తుంది కాబట్టి పొరపాటున చెరిపినవాటిని తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. ఎస్‌ఎస్‌డి వేయించుకున్న ప్రతివారూ ముఖ్యమైన ఫైళ్ల మరో ప్రతిని ఇంకోచోట ఉంచుకోవాలి. అలాగని ఆ ప్రతిని మరో ఎస్‌ఎస్‌డిలో పెట్టి ఏళ్ల తరబడి బీరువాలో దాచవద్దు. వారంటీ మేరకు రాసేసిన వినియోగదారుల ఎస్‌ఎస్‌డి, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారాన్ని నిలుపుకోవాలన్నది మెమరీ చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం. కొత్త డ్రైవ్ అంతకన్నా ఎక్కువ కాలమే నిలుపుకుంటుంది, కానీ మన బీరువాల వేడి 30 డిగ్రీల దగ్గర ఆగదు. దాచిపెట్టడానికి హార్డ్‌డిస్కే నమ్మదగినది.

ఎవరికి ఏది

నాలుగు గిగాబైట్ల ర్యామ్, హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌తో చదువు సాగిస్తున్న విద్యార్థి ముందుగా ఏది వేయించాలి? డబ్బు ఒక్కదానికే ఉంటే ఎస్‌ఎస్‌డి. ర్యామ్ చాలక విండోస్ డిస్క్‌ను ఆశ్రయించినప్పుడు కూడా ఎస్‌ఎస్‌డి ఆ నెమ్మదిని చాలావరకు కప్పేస్తుంది, ర్యామ్ మాత్రం హార్డ్‌డిస్క్ నెమ్మదిని కప్పలేదు. తరవాత డబ్బు చేరినప్పుడు ర్యామ్‌ను ఎనిమిదికి పెంచుకుంటే మరో మూడు నాలుగేళ్లు హాయిగా గడుస్తుంది. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుందని, దాన్ని పెంచలేమని గుర్తుంచుకోవాలి.

పేజ్‌మేకర్, అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ కేంద్రాలవారికి, దరఖాస్తులు నింపే మీసేవ కేంద్రాలవారికి 500 గిగాబైట్ల సాటా డ్రైవ్ చాలు. వాళ్లకు వేగం కన్నా ముఖ్యం, ఏళ్లుగా కుదుర్చుకున్న సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు చెక్కుచెదరకుండా ఉండడం. అందుకని కొత్తగా విండోస్ వేయడం కన్నా పాత డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టుగా క్లోన్ చేయించుకోవడం వాళ్లకు మంచిది. కరెంటు ఉన్నట్టుండి పోయే చోట యూపీఎస్ కూడా ఈ ఖర్చులో భాగమనే అనుకోవాలి. రాస్తూ ఉండగా కరెంటు పోతే, ఏ సమాచారం ఎక్కడుందో చెప్పే పట్టికే దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఫొటో స్టూడియోలకు, వీడియో ఎడిటింగ్ చేసేవారికి పైన చెప్పిన పెద్ద అంకెలు నిజంగా ఉపయోగపడతాయి. ఒక టెరాబైటుకు తగ్గని టీఎల్‌సీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ మీద పని చేసి, పని పూర్తయిన ఆల్బమ్‌లను పెద్ద హార్డ్‌డిస్క్‌కు తరలించడం వాళ్లకు సరైన పద్ధతి. వాళ్లకు క్యూఎల్‌సీ ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇంట్లో అమ్మానాన్నలు విదేశాల్లో ఉన్న పిల్లలతో వీడియోలో మాట్లాడడానికి, బ్యాంకు పనికి వాడే డెస్క్‌టాప్‌కు 240 లేదా 250 గిగాబైట్లు సరిపోతాయి. 120 గిగాబైట్లవి కొనకండి. విండోస్, దాని అప్‌డేట్లు, బ్రౌజర్ నిల్వలు కలిసి ఏడాదిలో ఆ చోటును నింపేస్తాయి, నిండిన ఎస్‌ఎస్‌డి నెమ్మదిస్తుంది. ఐదో వంతు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచగలిగే సామర్థ్యాన్ని లెక్కవేసుకుని కొనాలి. 500 గిగాబైట్ల డ్రైవ్‌ను విండోస్ 465గా చూపిస్తుంది. అది మోసం కాదు, లెక్కించే పద్ధతుల తేడా.

ఎస్‌ఎస్‌డి వేయించకుండా ఆగవలసినవారు కూడా ఉన్నారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరవాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. అంతకన్నా పాత యంత్రంలో బ్యాంకు లావాదేవీలు, కార్యాలయ పనులు చేయాలనుకునేవారు, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్‌కు మారడానికి సిద్ధంగా లేకపోతే, ఆ డబ్బును కొత్త కంప్యూటర్ కోసం దాచుకోవడమే నయం. లినక్స్ మింట్ లాంటివాటికి సిద్ధపడేవారికి మాత్రం పదేళ్ల నాటి యంత్రం కూడా ఎస్‌ఎస్‌డితో ఎంతో చక్కగా పనిచేస్తుంది. బడులకు, గ్రంథాలయాలకు ఇవ్వదలచిన పాత కంప్యూటర్లకు ఈ దారి నాకు ఎంతో ఇష్టం.

2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. అందుకని ఎవరో ఏడాది కిందట చెప్పిన ధరను పట్టుకుని బేరానికి వెళితే నిరాశే మిగులుతుంది. అదే కారణంతో నకిలీ సరుకు కూడా పెరుగుతుంది. అసలు ధరలో పదో వంతుకే రెండు టెరాబైట్లు, పదహారు టెరాబైట్లు అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే బయటి ఎస్‌ఎస్‌డిలలో తరచుగా చిన్న మెమరీ కార్డు ఒకటి ఉంటుంది. అది కంప్యూటర్‌కు అబద్ధపు సామర్థ్యం చూపిస్తుంది, నిండాక రాసినదాన్ని పోగొడుతుంది.

మార్చేటప్పుడు

క్లోన్ చేయడమా, కొత్తగా విండోస్ వేయడమా అన్నది పాత విండోస్ ఎంత శుభ్రంగా ఉందన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. వైరస్‌లు, అక్కరలేని సాఫ్ట్‌వేర్లు పేరుకుపోయి ఉంటే వాటినీ కొత్త డ్రైవ్‌లోకి మోసుకెళ్లడం దేనికి? కొత్తగా వేసినా లైసెన్సు పోతుందన్న భయం అక్కరలేదు. విండోస్ 10, 11లలో డిజిటల్ లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది, డ్రైవ్ మారినా ఇంటర్నెట్ తగిలాక అదే యాక్టివేట్ అవుతుంది. క్లోన్ చేయడానికి క్లోనెజిల్లా ఉచితంగా దొరుకుతుంది, పెద్ద తయారీదారులు తమ డ్రైవ్‌లతో సొంత సాఫ్ట్‌వేర్ ఇస్తారు.

క్లోన్ చేసేముందు, డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ ఏర్పాటైన బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో అది యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. దుకాణంలో మార్పిస్తున్నట్టయితే పాత డిస్క్‌ను తప్పనిసరిగా వెనక్కి అడిగి తీసుకోవాలి. అందులో మీ ఆధార్ ప్రతులు, బ్యాంకు పాస్‌వర్డులు, కుటుంబ ఫొటోలు ఉంటాయి.

కొత్త డ్రైవ్ బిగించాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మూడు విషయాలు చూడండి. డ్రైవ్ పేరు మీరు కొన్నదేనా, వాడిన గంటలు సున్నాకు దగ్గరగా ఉన్నాయా, సాటా డ్రైవ్ అయితే ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర సాటా 600 అని ఉందా. సాటా మూడో తరం బోర్డులో కూడా అక్కడ 300 కనిపిస్తే కేబుల్‌నో పోర్టునో మార్చి చూడాలి. కొన్ని డెస్క్‌టాప్ బోర్డులలో రెండు వేగాల పోర్టులు వేర్వేరు రంగుల్లో ఉంటాయి. వాడిన గంటలు వందల్లో కనిపిస్తే అది వాడేసిన డ్రైవ్ అన్నట్టే, బిల్లుతో సహా ఆ రోజే దుకాణానికి తిరిగి తీసుకెళ్లండి. అంతా సరిగా ఉందని తేలినా పాత డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయవద్దు. నెల రోజులు కొత్త డ్రైవ్‌తో పని చేసి, ఏ ఫైలూ మిస్ కాలేదని రూఢి చేసుకున్నాకే దాన్ని ఖాళీ చేసి ఎన్‌క్లోజర్‌లో బ్యాకప్‌కు వాడుకోండి.